మూడో ప్రూఫు దాటని మాట

పరాయి భాష నేర్చుకునే మనుషుల్లో స్థూలంగా రెండు జాతులున్నాయి. మొదటి జాతివాళ్ళు వచ్చిన నాలుగు ముక్కలూ పట్టుకుని బజారుకెళ్తారు. నలుగురూ నవ్వితే తామూ నవ్వి, ఐదో ముక్క సంపాదించుకుని ఇంటికొస్తారు. రెండో జాతివాళ్ళు భాష మొత్తం వచ్చేదాకా నోరు తెరవరు. భాష మొత్తం ఎవరికీ ఎప్పుడూ రాదు కాబట్టి, ఈ జాతి గురించి లోకానికి తెలిసింది బహు తక్కువ. నిశ్శబ్దంగా వ్యాకరణం చదువుకుని నిశ్శబ్దంగా పోతారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ జాతిలో ఉత్తముడి గురించి.

ఆయన ప్రూఫ్ రీడరు. మందుల పెట్టెల్లో ఎనిమిది మడతలు పెట్టి దూర్చే కాగితాలుంటాయి చూడండి, అవి అచ్చువేసే ప్రెస్సులో ఉద్యోగం. లోకంలో అంత శ్రద్ధగా దిద్దే కాగితమూ లేదు, అంత శ్రద్ధగా ఎవరూ చదవని కాగితమూ లేదు. పొరపాటున ఎవరైనా చదివితే మాత్రం, ఒక చుక్క పక్కకి జరిగినందుకు ప్రాణం పోవచ్చు. ఆ భయం ఆయన ఎముకల్లో ఇంకిపోయింది. తక్కినవాళ్ళు రెండు ప్రూఫులు చూసి సంతకం పెట్టేవారు. ఈయన మూడోది చూడందే మిషను తిప్పనిచ్చేవాడు కాదు. అందుకని ఆయన పేరే మూడో ప్రూఫు అయిపోయింది. జీతాల రోజున కూడా గుమాస్తా "మూడో ప్రూఫుగారూ" అని పిలిస్తేనే ఆయన లేచేవాడు.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు మూలం పైకి చదవాలి, రెండోవారు అచ్చుకాగితం మీద కళ్ళు పెట్టుకుని దిద్దాలి. చదివే మనిషి ఒక లావుపాటాయన, పక్క కుర్చీలో కూర్చుని పాతికేళ్ళుగా ఒకే రాగంలో చదువుతున్నాడు: "పూటకి ఒక మాత్ర కామా భోజనం తర్వాత ఫుల్‌స్టాపు." మూడో ప్రూఫుకి ఎక్కడైనా అనుమానం వస్తే నోటితో చెప్పడు. ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుతాడు. చదివే ఆయన మాట మధ్యలో ఆగిపోవాలి. వేలు దిగేదాకా ఆ గదిలో పంకా తప్ప ఏదీ కదలకూడదు.

ఈ వేలు ఆయనతో పాటే ఇంటికీ వచ్చేది.

"టీ కావాలా?" అని ఇల్లాలు అడిగితే వేలు లేచేది. ఆవిడ తన కప్పు సగం తాగేసరికి జవాబు వచ్చేది: "కావాలి." చూసిన చుట్టాలకి చిరాకు పుట్టేది గానీ ఆవిడకి పుట్టేది కాదు. ఆ వేలికి అర్థం ఏమిటో ఆవిడకి తెలుసు. ఆగు, మాట వస్తోంది, తప్పు లేకుండా వస్తోంది, అని.

ఆవిడ ఈ భాష మనిషి కాదు. సముద్రం అవతలి దేశం. ప్రెస్సుకి కొత్త మిషను కొన్నప్పుడు దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్కు కూతురు. మిషను బిగిసింది, మెకానిక్కు వెళ్ళిపోయాడు, కూతురు ఉండిపోయింది. ఆవిడ మొదటి జాతి మనిషి. వచ్చిన వారంలోనే వీధిలో అందరితోనూ మాట్లాడేది, అన్నీ తప్పులే. వానకి మగతనం అంటగట్టేది: "వర్షం వచ్చాడు, గొడుగు ఏడి?" పొయ్యి మీద పాలకి మర్యాద చేసేది: "అయ్యో, పాలు పొంగిపోయారండీ!" వీధి వీధంతా నవ్వేది. అందరికన్నా ఎక్కువ ఆవిడే నవ్వేది. ఒక్క మూడో ప్రూఫు మాత్రం నవ్వకుండా, వేలెత్తి, ఆలోచించి, "పొంగిపోయాయి" అనేవాడు. ఏడాది పాటు దిద్దాడు. ఆయన ప్రేమలేఖలు రాయలేదు, పాటలు పాడలేదు. దిద్దాడు, అంతే. ఆవిడ దాన్నే ప్రేమగా లెక్కేసుకుని పెళ్ళికి ఒప్పుకుంది. ఆ లెక్కలో తప్పు లేదు.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆయనకి తన భాష నేర్పబోయింది. ఆయన వేలెత్తాడు. వేలు దిగాక, "నేర్చుకుంటే సరిగ్గా నేర్చుకోవాలి. కాస్త తీరిక చూసుకుని మొదలుపెడదాం" అన్నాడు. తీరిక చూసుకోవడంలో జుట్టు తెల్లబడింది.

పిల్లలు లేరు. ఆవిడ తరఫువాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఉత్తరాలు ఆగిపోయాయి. ఆవిడ భాష ఆవిడ నోట్లోనే ఎక్కడో మూలన పడి ఉంది. అప్పుడప్పుడు చెంచాలు కడుక్కుంటూ ఏదో పాడుకునేటప్పుడు మాత్రం బయటికొచ్చేది.

ఒక ఉదయం వంటింట్లో గిన్నె పడిన చప్పుడయింది. ఆయన వెళ్ళేసరికి ఆవిడ నేల మీద ఉంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది.

ఆసుపత్రిలో ఆవిడకి స్పృహ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట వచ్చింది గానీ, వచ్చింది ఈ భాష కాదు. ఇన్నేళ్ళూ వీధంతా పంచిపెట్టిన భాష చీపురుతో ఊడ్చినట్టు పోయి, మూలన పడి ఉన్న ఆ చిన్ననాటి భాష ఒక్కటే మిగిలింది. అలా జరుగుతుందని డాక్టరు చెప్పాడు.

"మెదడులో మీ భాష ఉన్న వైపు దెబ్బ తగిలిందండీ. ఆవిడ సొంత భాష కొంత మిగిలింది. అదే అదృష్టం అనుకోండి. దానితో ఆవిడని మాట్లాడిస్తూ ఉండాలి. మాట్లాడేవాళ్ళు లేకపోతే ఆ కాస్తా కూడా పోతుంది. మీకు వచ్చుగా ఆ భాష? ఇన్నేళ్ళ కాపురం!"

మూడో ప్రూఫు వేలెత్తాడు. డాక్టరు ఆ వేలు చూపిస్తున్న వైపు చూశాడు. సీలింగు కనిపించింది. అక్కడ తప్పేమీ దొరకలేదు.

"రాదు," అన్నాడు మూడో ప్రూఫు, కొంతసేపటికి.

"అయితే నేర్చుకోండి. వ్యాకరణం ఎవరడిగారు? నాలుగు ముక్కలు చాలు. త్వరగా."

త్వరగా అన్న మాట ఆయన జీవితంలో మందుల కాగితం మీద కూడా చూసి ఉండడు.

అయినా అలసత్వం చేశాడని ఎవరూ అనడానికి వీల్లేదు. ఆ వారమే ఆ భాష నేర్పే సాయంత్రం క్లాసులో చేరాడు. పై దేశాల్లో పనికి పోయేవాళ్ళ కోసం పెట్టిన క్లాసు అది. హోటలు వెయిటర్లు, వెల్డర్లు, ఒక క్షౌరశాల యజమాని వచ్చేవారు. పంతులమ్మ చురుకైన మనిషి. మొదటి రోజునే అందరికీ ప్రశ్నల కాగితం పంచింది: మీరు విని నేర్చుకుంటారా, చూసి నేర్చుకుంటారా, చేసి నేర్చుకుంటారా, నలుగురిలో పడి నేర్చుకుంటారా. ఎవరి తీరుని బట్టి వాళ్ళకి దారి చూపిస్తానంది. వెల్డరు అన్నిటికీ టిక్కు పెట్టేసి పంతులమ్మకి ఆ భాషలో నమస్కారం కూడా పెట్టేశాడు. మూడో ప్రూఫు ఆ కాగితంలో ఒక కామా, రెండు అచ్చుతప్పులు దిద్ది వాపసు ఇచ్చాడు. ప్రశ్నలు ఖాళీగానే ఉన్నాయి.

పంతులమ్మ ఆ కాగితం తిప్పి తిప్పి చూసింది. "మీ తీరు తెలిసిపోయిందండీ, మాస్టారూ," అంది. "మీరు తప్పులు మాట్లాడటం నేర్చుకోవాలి ముందు. భాష తర్వాత."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన్ని ఇంతమాట అన్నవాళ్ళు లేరు.

ఇంట్లో సంగతి తెలిసి పంతులమ్మ జాలిపడింది. క్లాసయ్యాక బస్టాపు దాకా వెంట వచ్చి, "ఆదివారాలు నేనొచ్చి కాసేపు మాట్లాడనా ఆవిడతో?" అని అడిగింది. మూడో ప్రూఫు వేలెత్తాడు. సరే అనడమా, మీకెందుకు శ్రమ అనడమా, ఏది మర్యాద? ఆయన తేల్చుకునే లోపు బస్సు వచ్చింది. పంతులమ్మ ఆ వేలిని వద్దన్నట్టుగా అర్థం చేసుకుని ఎక్కేసింది. ఆయన మళ్ళీ ఆ క్లాసుకి వెళ్ళలేదు. ఇద్దరిద్దరు చొప్పున జతకట్టి మాట్లాడమంటారట. ఇంకా రాని భాషలో మాట్లాడటం ఏమిటి, చెక్కు రాసి బ్యాంకులో డబ్బు వేయకపోవడం లాగా, అనుకున్నాడు.

పాతపుస్తకాల కొట్లో ఒక స్వబోధిని కొన్నాడు. పాఠాలన్నీ వరసగా ఉన్నాయి, చివర జవాబులున్నాయి. ఆయన ప్రాణం లేచొచ్చింది. తీరా మొదటి పాఠంలో ఒక పదం ఒక రకంగా, చివరి జవాబుల్లో ఇంకో రకంగా కనిపించింది. రెంటిలో ఒకటి అచ్చుతప్పు. ఇంక ఆయన చెయ్యి ఆగుతుందా? తప్పులున్న పుస్తకంతో నేర్చుకుంటే తప్పులే కదా వచ్చేది! ముందు పుస్తకం దిద్దడానికి కూర్చున్నాడు. ముక్క రాని భాషలో, ఒక పేజీని ఇంకో పేజీతో పోల్చి, అచ్చుతప్పులన్నీ పట్టుకున్నాడు. ఆ విద్యలో ఆయనకి సాటి లేరని ఆ దేశంవాళ్ళు కూడా ఒప్పుకుని తీరాలి. పుస్తకం పరిశుద్ధమయ్యేసరికి ఋతువు మారింది. మొదటి పాఠం మొదలుపెట్టాడు.

ఈలోగా ఇల్లాలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది, పై వాటాలో ఉండే దర్జీ ఆవిడ కిందికి దిగింది. కుట్టుమిషను ఆగితే నోరు ఆడుతుంది, నోరు ఆగితే మిషను ఆడుతుంది, సాధారణంగా రెండూ ఆడుతుంటాయి. ఆవిడ వచ్చి మంచం పక్కన కూర్చుని దిండు చూపించింది. రోగి ఏదో మాట అంది. దర్జీ దాన్ని ఖూనీ చేసి తిరిగి అంది. రోగి నవ్వింది. జబ్బుపడ్డాక అదే మొదటి నవ్వు. దర్జీ ఈసారి దుప్పటి చూపించింది. తర్వాత కిటికీ, తర్వాత గడియారం, తర్వాత ఎదురింటి బట్టతలాయన. నెల తిరక్కుండా ఇద్దరూ ఎదురింటివాళ్ళ కాపురం గురించి చెప్పుకునే స్థాయికి చేరారు. నామవాచకాలు ఆ భాషవి, క్రియలు ఈ భాషవి, మిగతాదంతా చేతులు.

మూడో ప్రూఫు తలుపు వెనక కుర్చీలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. ఒకరోజు మెట్ల దగ్గర దర్జీని ఆపాడు.

"అమ్మా, నిన్న నువ్వు దుప్పటిని బహువచనంలో అన్నావు."

"అంటే ఏమైందన్నయ్యగారూ? వదిన దుప్పటి కప్పుకుందా లేదా?"

"కప్పుకుంది. కానీ..."

"మీకంత తెలిసినప్పుడు లోపలికొచ్చి అనొచ్చుగా? గుమ్మం అవతల కూర్చుని కాపలా కాస్తారేం, పోలీసులాగా?"

ఆయన వేలెత్తాడు. దర్జీ అప్పటికే రెండు మెట్లెక్కేసింది. ఆవిడకి ఆగే అలవాటు లేదు.

సాయంత్రాలు ఆయన వంతు. గిన్నెలో సూప్ పోసుకుని, చెంచాతో పట్టేవాడు. మూతి తుడిచేవాడు. తల దువ్వేవాడు. అన్నీ తప్పు లేకుండా చేసేవాడు. అప్పుడు ఆవిడ ఆయన ముఖంలోకి చూసి ఒక మాట అడిగేది. రోజూ అదే మాట, ప్రశ్న అని తెలిసిపోయే స్వరంలో. ఆయన వేలెత్తేవాడు. లోపలికెళ్ళి పుస్తకం తిరగేసేవాడు. ఆ ప్రశ్న తాలూకు పాఠం ఇంకా రాలేదు. ముందుకి దూకి చూడటం ఆయనకి చేతకాదు. పాఠాలు వరసగా పెట్టింది ఎందుకు?

జబ్బు పడకముందు ఆ వేలికి అర్థం ఆవిడకి తెలుసన్నాను. భాషతో పాటు ఆ అర్థం కూడా ఊడ్చుకుపోయిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఆవిడకి కనిపించేది ఒక్కటే. తను నోరు తెరవగానే ఒక మనిషి వేలెత్తి ఆపుతున్నాడు.

దర్జీ కోడలికి పురుడు వచ్చింది. వేరే ఊళ్ళో కొన్ని నెలలు ఉండాలి. బయల్దేరేముందు చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడి, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నయ్యగారూ, వదిన సాయంత్రం పూట మిమ్మల్ని అడిగేది ఏంటో తెలుసా?"

"ఇంకా ఆ పాఠం..."

"పాఠం లేదు ఏం లేదు. 'నాతో ఎందుకు మాట్లాడవు, నేనేం చేశాను' అంటోంది. నాకే అర్థమైంది, మీకు కాలేదా? నేను లేనన్నాళ్ళూ రోజుకొక్క మాటైనా అనండి. తప్పో ఒప్పో. వదిన ఏమైనా సంతకం పెట్టి పంపిస్తుందా మీ మాటని?"

"అలాగేనమ్మా," అన్నాడు. ఆశ్చర్యం, ఈసారి వేలెత్తకుండానే అన్నాడు.

ఆ పూటే జవాబు తయారుచేయడం మొదలుపెట్టాడు. చాలా చిన్న వాక్యం. 'నాకింకా నీ భాష సరిగ్గా రాదు, అందుకని మాట్లాడలేదు.' అది సరిగ్గా చెప్పాలి. భాష రాదు అన్న సంగతిని తప్పుల్లేకుండా చెప్పాలనుకోవడంలో ఏదో తిరకాసు ఉందని మనకి తోస్తుంది. ఆయనకి తోచలేదు. ఆ వాక్యంలో రెండు శబ్దాలు ఆయన నోటికి పుట్టుకతో లేవు. ఒకటి గొంతు అడుగు నుంచి రావాలి, ఇంకోటి పెదాలు సున్నాలా చుట్టితే గానీ రాదు. ప్రెస్సులో మధ్యాహ్నం టీ వేళ గోడవైపు తిరిగి సాధన చేసేవాడు.

మూలం చదివే లావుపాటాయన ఓపిక పట్టి పట్టి ఒకరోజు అడిగేశాడు. "గురువుగారూ, ఆ గోడకి చెప్పేది ఏదో ఇంటికెళ్ళి చెల్లెమ్మకే చెప్పకూడదూ? గోడకి ఇప్పటికే నోటికొచ్చేసి ఉంటుంది."

"రెండో ప్రూఫులో ఉందోయ్."

"మందు కాగితం కాదుగా. తప్పు దొర్లితే ఎవరి ప్రాణం పోతుంది?"

మూడో ప్రూఫు వేలెత్తాడు. పాతికేళ్ళ అలవాటు కొద్దీ లావుపాటాయన ఆగిపోయాడు. ఆ ప్రశ్నకి జవాబు వచ్చే లోపు టీ వేళ అయిపోయింది.

ఇంట్లో ఆవిడ మొదట ప్రశ్న మొత్తం అడిగేది. తర్వాత సగమే అడిగేది. ఆ తర్వాత నోరు తెరిచి, వేలు లేస్తుందేమోనని ఆయన చేతివైపు చూసి, మూసుకునేది. ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి ఆయన అవతలి గదిలో వాక్యం గొణుక్కుంటున్నాడు. వచ్చి చూస్తే పాలు పొంగి కారిపోతున్నాయి. ఎదురుగా కుర్చీలో ఆవిడ చూస్తూనే ఉంది. పెదవులు కదిలాయి. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పాలు పొంగిపోయారు అన్నా, వచ్చాడు అన్నా, వెళ్ళింది అన్నా, ఏమన్నా చాలు. ఈసారి దిద్దేవాడు కాదు. ఆవిడ ఆయన చేతివైపు చూసింది. పెదవులు ఆగిపోయాయి. ఆయన గుడ్డ తీసుకుని పొయ్యి తుడిచాడు.

వాక్యం మూడో ప్రూఫు దాటిన రోజు ఆయన గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుర్చీ ఆవిడ ముందుకి జరుపుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, పొరపాటున వేలు లేస్తుందేమోనని. చెప్పాడు. గొంతు అడుగు నుంచి రావాల్సింది అక్కడి నుంచే వచ్చింది. పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి. చివర్లో అలవాటు కొద్దీ ఫుల్‌స్టాపు అని కూడా అనబోయి ఆపుకున్నాడు. ఆ దేశంలో పుట్టినవాడు కూడా అంతకన్నా బాగా చెప్పలేడు.

ఆవిడ ఆయన నోటివైపు శ్రద్ధగా చూసింది. వాక్యం అయిపోయాక కూడా కొంతసేపు చూసింది. తర్వాత మంచి చెయ్యి, ఎడమది, ఒళ్ళోంచి మెల్లగా లేపి, చూపుడువేలు పైకెత్తింది.

ఆయన ఆగిపోయాడు. ఎదురుచూశాడు. టీ చల్లారింది, కిటికీలో వెలుగు పోయింది. వేలు బరువై దిగింది గానీ వెనక మాట రాలేదు.

వారం తర్వాత డాక్టరు గడియారం చూపించాడు, కలం చూపించాడు, కప్పు చూపించాడు. మూడింటికీ వేలే లేచింది. డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచాడు.

"ఇంట్లో ఎవరూ మాట్లాడించట్లేదాండీ?"

"ఒక వాక్యం చెప్పాను."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఆవిడకి ఏ భాషా లేదండీ. ఇక వస్తుందన్న ఆశ పెట్టుకోకండి."

దర్జీ తిరిగొచ్చింది. సంచీ మెట్ల మీదే పడేసి, "వదినా!" అని అరుచుకుంటూ లోపలికి దూసుకొచ్చింది. మనవడి ముక్కు గురించి, కోడలి వంట గురించి, బస్సులో సీటు గురించి ఖూనీ చేసిన నామవాచకాలన్నీ గుమ్మరించింది. వదిన ఆవిడవైపు చూసి వేలెత్తింది. దర్జీ ఇంకో నాలుగు ముక్కలంది. వేలు దిగలేదు. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి దర్జీ ఆవిడ నోరు ఆగింది.

"అన్నయ్యగారూ," అంది మెల్లగా, "ఇదేంటిది? వదినకి ఇదెవరు నేర్పారు?"

మూడో ప్రూఫు ఎదురు కుర్చీలోనే ఉన్నాడు. దిద్దిన పుస్తకం కింద పెట్టి ఉంది. ఆయన వెంటనే, వేలెత్తకుండా, ఒక్క క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పాడు.

"ష్, ఉండమ్మా. తొందరపెట్టకు. మాట వెతుక్కుంటోంది."